తేటగా ఉంటే మంచిదా? అడుగున మడ్డి ఉంటే చెడ్డదా?



ఓ.పి.లో బి.పి. చూసేటప్పుడు, వార్డులో చేర్చుకునేటప్పుడు మా నర్సులు ప్రతి ఒక్కరినీ "తాగే అలవాటు ఉందా?" అని అడుగుతారు. జల్‌పల్లి, పహాడీషరీఫ్, తుక్కుగూడ, శంషాబాద్ వైపు నుంచి వచ్చేవారు చాలామంది ఇచ్చే జవాబు ఒకే తీరుగా ఉంటుంది. "తాగుడు లేదు సిస్టర్, పొద్దుమీకి కల్లు మాత్రమే." ఇంకొంచెం అడిగితే, "మాది చెట్టు కల్లు, పాలలెక్క తెల్లగుంటది" అని ఒకరు, "మేం తేరుకున్నంక పైతేటనే తాగుతం, అడుగు మడ్డి పారబోస్తం, మాకేం గాదు" అని మరొకరు అంటారు. క్రిస్మస్ దగ్గర పడితే ఇంట్లో ద్రాక్షారసం పెట్టుకున్న తల్లులు మరో ప్రశ్నతో వస్తారు. "సిస్టర్, జాడీ అడుగున బురదలాగ చేరింది. పాడైనట్టా? పారబోయాలా?"

ప్రశ్నలు వేరైనా వీరందరి నమ్మకం ఒక్కటే. పానీయం మంచిదో చెడ్డదో కంటితో చూసి చెప్పవచ్చునని వారు అనుకుంటున్నారు. ఈ నెల ఆ సంగతే వివరంగా చెప్పుకుందాం.

ముందుగా జవాబు చెబుతాను. కల్లులోగాని, ఇంటి ద్రాక్షారసంలోగాని, ఇంట్లో పులియబెట్టిన బీరులోగాని అడుగున చేరే మడ్డి విషం కాదు. తేటదనం చూపుకు, రుచికి సంబంధించిన విషయమే తప్ప ఆరోగ్యానికి హామీ కాదు. ప్రాణం తీసేవి, అవయవాలను పాడుచేసేవి ఆ మడ్డిలో ఉండవు. అవి పానీయంలో పూర్తిగా కరిగిపోయి కంటికి కనబడకుండా ఉంటాయి.

మడ్డి అంటే ఏమిటి?

మడ్డి అనే మాట మనకు కొత్త కాదు. యెషయా 25వ అధ్యాయంలోని విందులోను, యిర్మీయా 48వ అధ్యాయంలో మోయాబును గూర్చిన మాటలలోను మడ్డిమీద నిలిచిన ద్రాక్షారసం ప్రస్తావన ఉంది. ఆ కాలపు ప్రజలు మడ్డిని చూశారు గాని అది ఏమిటో వారికి తెలిసే అవకాశం లేదు. పులియడం అనేది ప్రాణమున్న సూక్ష్మజీవి చేసే పని అని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1850ల చివర్లో నిరూపించాడు. ఆ సూక్ష్మజీవి పేరే ఈస్టు.

ఈస్టు ఒకే కణం గల శిలీంధ్రం, అంటే బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినది. ఒక్కో కణం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. అది చక్కెరను తిని రెండు పదార్థాలను విడిచిపెడుతుంది. ఒకటి ఆల్కహాలు, రెండవది బొగ్గుపులుసు వాయువు. కల్లు నురగలు కక్కేది ఈ వాయువు వల్లనే. బేకరీలో రొట్టె పొంగేది కూడా ఈ జాతి ఈస్టు వల్లనే.

తాటిచెట్టు నుంచిగాని, ఈతచెట్టు నుంచిగాని అప్పుడే కారిన రసంలో నూటికి సుమారు 10 నుంచి 12 వంతులు చక్కెర ఉంటుంది, ఆల్కహాలు ఉండదు. అయితే లొట్టిలో నిన్నటి ఈస్టు అంటుకొని ఉంటుంది. గాలి నుంచి, పురుగుల కాళ్ళ నుంచి కూడా చేరుతుంది. అందువల్ల రసం చెట్టుమీద ఉండగానే పులియడం మొదలవుతుంది. ఒక్క రోజులో ఆల్కహాలు 4 నుంచి 6 శాతం దాకా చేరుతుంది. ఈస్టుతో పాటు కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా పెరిగి పులుపును, జిగటను కలిగిస్తాయి. లక్షల కొద్దీ ఈస్టు కణాలు, బ్యాక్టీరియా, ఆ జిగట పదార్థం అన్నీ కలిసి తేలుతూ ఉంటాయి కాబట్టి కల్లు తెల్లగా, మసకగా కనబడుతుంది. అది పాల తెలుపు కాదు, సూక్ష్మజీవుల గుంపు.

మసక ఎందుకు తేరుకుంటుంది?

చక్కెర ఉన్నంతసేపు ఈస్టు పని చేస్తూనే ఉంటుంది. లేచే బుడగలు రసాన్ని అడుగు నుంచి కలియబెడుతుంటాయి. చక్కెర అయిపోయాక బుడగలు ఆగుతాయి. అప్పుడు ఈస్టు కణాలు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి, మెల్లగా అడుగుకు దిగుతాయి. చల్లని చోట పెడితే ఇంకా త్వరగా దిగుతాయి. బావినీళ్ళను బిందెలో ఉంచితే మట్టి అడుగుకు చేరినట్టే ఇది కూడా. కల్లును దించిన రోజే తాగేస్తారు కాబట్టి అది తేరుకునే వేళ రాదు. ద్రాక్షారసం వారాల తరబడి కదలకుండా ఉంటుంది కాబట్టి పైన తేట, అడుగున మడ్డి వేరవుతాయి.

దుకాణంలో దొరికే బీరు అద్దంలా ఉండటానికి కారణం కంపెనీలో దానిని వడపోయడమే. చాలావరకు చూపు కోసం, నిలవ కోసం అలా చేస్తారు. జర్మనీ దేశంలో గోధుమలతో చేసే ఒక రకం బీరును ఈస్టుతో సహా మసకగానే పోసి ఇస్తారు. అక్కడ మసక ఉండటమే సరైన గుర్తు. అంటే ఒకచోట లోపం అనుకునేది మరోచోట గొప్ప. ఇంట్లో బీరు చేసుకునేవారి విషయంలోనూ అంతే. అడుగున మడ్డి చేరిందంటే ఈస్టు తన పని ముగించిందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు.

ఒక్కోసారి మసక ఈస్టు వల్ల కాదు. ద్రాక్షలోని జిగురు పదార్థం, ధాన్యంలోని మాంసకృత్తులు కూడా పానీయాన్ని మసకబారుస్తాయి. వాటివల్ల కూడా హాని లేదు.

మడ్డి కడుపులోకి పోతే?

ఆరోగ్యంగా ఉన్న మనిషి కొంచెం మడ్డి మింగితే ప్రమాదం లేదు. చాలావరకు కడుపులోనే జీర్ణమవుతుంది. ఎక్కువైతే కడుపు ఉబ్బరం, గ్యాసు, పలచని విరేచనాలు అవుతాయి. ఈస్టులో ప్యూరిన్ అనే పదార్థం ఎక్కువ. అది ఒంట్లో యూరిక్ ఆసిడ్‌గా మారుతుంది. కాబట్టి కాలి బొటనవేలు వాచి, రాత్రిళ్ళు మంటెత్తే గౌటు జబ్బు ఉన్నవారికి మడ్డి మంచిది కాదు. అలాంటివారికి ఆల్కహాలు కూడా మంచిది కాదు కాబట్టి తేట తాగినా ఉపశమనం లేదు.

కీమోథెరపీ తీసుకుంటున్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టించుకున్నవారు ప్రాణమున్న ఈస్టుకు దూరంగా ఉండాలి. అరుదుగానైనా అలాంటివారిలో ఈస్టు రక్తంలో చేరి జ్వరం తెప్పించవచ్చు.

"మడ్డిలో బలం ఉంటది, విటమిన్లు ఉంటయి" అని వాదించేవారు ఉన్నారు. దీనిలో సగం నిజం ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణులైన పేద మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసినది ఫోలిక్ ఆసిడ్ అని తరువాత తెలిసింది. నేడు ప్రతి గర్భిణీకి మనం ఇచ్చే ఐరన్-ఫోలిక్ బిళ్ళకు మూలం అక్కడ ఉంది. కాని ఆమె ఇచ్చినది బీరూ కాదు, కల్లూ కాదు. అది ఆల్కహాలు లేని, చనిపోయిన ఈస్టు సారం. రోజూ తాగేవారికి ఆల్కహాలు బి1 విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అది బాగా తగ్గితే చూపు తడబడుతుంది, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. అందుకే తాగే అలవాటున్న రోగికి గ్లూకోజు ఎక్కించే ముందు బి1 ఇంజెక్షను ఇస్తాము. మడ్డిలోని బలం కోసం కల్లు తాగడం కంటే విటమిన్ బిళ్ళ మేలు. ఆ బిళ్ళ కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇంట్లో చేసే ద్రాక్షారసం

క్రిస్మస్‌కు ద్రాక్షారసం పెట్టే అలవాటు మన సంఘాలలో కొన్ని కుటుంబాలలో ఉన్నది. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడాన్ని ఎక్సైజు చట్టం ఒప్పుకోదని ముందు గుర్తుచేయడం నా బాధ్యత. పులిస్తే అది ద్రాక్షలతో చేసినా మద్యమే.

అడుగున చేరినది గోధుమ రంగులో, మెత్తగా, వాసన మామూలుగా ఉంటే అది ఈస్టు, ద్రాక్ష తొక్కల మడ్డి మాత్రమే. పాడైనట్టు కాదు. పైన ఆకుపచ్చగా, నల్లగా, గులాబి రంగులో దూదిలాంటి బూజు పట్టితే మాత్రం మొత్తం పారబోయాలి. బూజు తీసేసి వడపోస్తే సరిపోతుందని అనుకోవద్దు. బూజు విడిచే విషపదార్థాలు గుడ్డలో ఆగవు.

ఇక రెండు ప్రమాదాలు చూడండి. మొదటిది సీసా పగలడం. మడ్డిలో ప్రాణమున్న ఈస్టు, రసంలో చక్కెర మిగిలి ఉండగా గాజు సీసాకు గట్టిగా మూత బిగిస్తే వాయువు లోపలే పెరిగి సీసా పేలుతుంది. గాజుముక్క కంటిలో దిగితే చూపు పోతుంది. రెండవది పాత్ర. పులుపుకు రాగి, ఇత్తడి కరుగుతాయి. అలాంటి పాత్రలో నిలవ ఉంచినది తాగితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కరిగిన లోహం కూడా కంటికి కనబడదు.

పులియని రసం కావాలంటే మార్గం ఉంది. అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ళ డాక్టరు, మెథడిస్టు విశ్వాసి, 1869లో ప్రభు సంస్కారం కోసమే దానిని కనిపెట్టాడు. పాశ్చర్ చూపిన పద్ధతిలో ద్రాక్షరసాన్ని సీసాలలో వేడిచేసి ఈస్టును చంపాడు. ఈస్టు చస్తే ఆల్కహాలు పుట్టదు. ఈనాడు అనేక సంఘాలలో బల్లమీద పెట్టేది అలాంటి పులియని రసమే. పిల్లలు, ముసలివారు, తాగుడు మానుకున్న సహోదరులు ఉన్న ఇంట్లో పండుగకు ఇదే తగినది.

కంటికి కనబడని మూడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మడ్డి గురించి ఇంత ఆలోచించేవారు ఈ మూడింటి గురించి ఆలోచించరు.

1. ఆల్కహాలు

ఆల్కహాలుకు రంగు లేదు, మడ్డి లేదు. 650 మిల్లీలీటర్ల కల్లు సీసాలో 5 శాతం ఆల్కహాలు ఉంటే అది సుమారు 26 గ్రాములు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఒక సీసా కల్లు రెండున్నర పెగ్గులతో సమానం. రోజుకు మూడు సీసాలు తాగి "నేను తాగను సిస్టర్, కల్లే" అనే అన్న నిజానికి ఏడు పెగ్గులకు పైగా తాగుతున్నాడు. కాలేయం చెట్టు పేరు అడగదు, ఆల్కహాలు లెక్క మాత్రమే చూస్తుంది. ఆల్కహాలు క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఎంత తక్కువ తాగినా పూర్తిగా క్షేమమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

2. మత్తుమందులు

చెట్టు ఇచ్చే రసానికి హద్దు ఉంది. ఊళ్ళు పెరిగి, ప్లాట్లు పడి, ఈతచెట్లు తాటిచెట్లు తగ్గినా సీసాలు తగ్గడం లేదంటే లోటును దేనితో నింపుతున్నారో ఆలోచించండి. నీళ్ళు, తీపి కోసం శాక్రిన్, మత్తు కోసం డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలుపుతారు. చెట్టెక్కి కష్టపడి దించే గీత కార్మికులను నిందించడానికి ఇది రాయడం లేదు. కల్తీ వల్ల వారి బ్రతుకుతెరువు కూడా పోతున్నది.

ఆల్ప్రాజోలం అనేది డాక్టరు చీటీ మీద మాత్రమే ఇచ్చే ఆందోళన మందు. ఒక బిళ్ళలో ఉండే అసలు మందు పావు మిల్లీగ్రాము లేదా అర మిల్లీగ్రాము. అంటే నాలుగైదు ఉప్పు రవ్వలంత బరువు. అంత కొంచెం మందు సీసాలో కలిస్తే మసక రాదు, మడ్డి చేరదు, రంగు మారదు. తెల్లని మసక కల్లులోను, తేరుకున్న కల్లులోను అది ఒకే తీరుగా దాగి ఉంటుంది. ఎవరు ఎంత కలిపారో తూకం ఉండదు. ఆల్కహాలు, ఈ మందు రెండూ కలిస్తే మెదడు మొద్దుబారి శ్వాస నెమ్మదిస్తుంది.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలు, బి.పి. పడిపోవడంతో నిమ్స్, గాంధీ ఆసుపత్రులలో చేరారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చింది. పలువురు చనిపోయారు. నమూనాలలో ఆల్ప్రాజోలం ఉన్నట్టు పరీక్షలలో తేలింది. తాగినవారిలో ఒక్కరికైనా చూపుతో అనుమానం వచ్చి ఉంటే ముంత పక్కన పెట్టేవారు కదా?

3. మిథనాల్

ఇది ఆల్కహాలుకు దాయాది. రంగులో, వాసనలో దాదాపు అలాగే ఉంటుంది. పులియబెట్టిన కల్లులో, ద్రాక్షారసంలో సహజంగా పుట్టేది చాలా స్వల్పం, దానికి భయపడనక్కరలేదు. ప్రమాదం నాటుసారాలో పరిశ్రమల మిథనాల్ కలిపినప్పుడు. నాటుసారా నీళ్ళలా తేటగా ఉంటుందని గమనించండి. మడ్డి నలుసు కూడా ఉండదు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. తేటదనమే క్షేమానికి గుర్తయితే వారంతా ఈ రోజు బ్రతికి ఉండేవారు.

మిథనాల్ ఒంట్లోకి పోయాక కొన్ని గంటలపాటు మామూలు మత్తులాగే ఉంటుంది. 12 నుంచి 24 గంటల తరువాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. కంటి ముందు మంచు కమ్మినట్టు, పొగ పట్టినట్టు కనిపిస్తుంది. "రాత్రి ఎక్కువైంది, పడుకుంటే తగ్గుతుంది" అనుకుంటే చూపు శాశ్వతంగా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. వెంటనే వస్తే విరుగుడు మందు, డయాలసిస్ ఉన్నాయి.

ఒక్కసారిగా మానేస్తే?

ఈ వ్యాసం చదివి "రేపటి నుంచి బంద్" అని నిర్ణయించుకునేవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. మీ నిర్ణయం మంచిదే. కాని ఏళ్ళ తరబడి రోజూ కల్లు తాగినవారు, ముఖ్యంగా మత్తుమందు కలిసిన కల్లు తాగినవారు, ఒక్కసారిగా మానితే ఒకటి నుంచి మూడు రోజులలో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. లేని మనుషులు కనబడతారు, లేని మాటలు వినబడతాయి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలలో ఇలాగే ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. ఇంటివారు గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో అనుకుంటారు. అది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. అలవాటైన మందు అందక మెదడు చేసే గోల. దానికి వైద్యం ఉంది. డాక్టరు పర్యవేక్షణలో మందులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు.

కాలు విరిగి ఆపరేషనుకు చేరిన పెద్దాయన రెండవ రోజు రాత్రి సెలైను పీకేసి మంచం దిగి పరుగెత్తే సందర్భం మా నర్సులకు కొత్త కాదు. "ఏ అలవాటూ లేదు" అని కేసుషీటులో రాసి ఉంటుంది. అడిగితే ఇంటివారు అప్పుడు చెబుతారు, "కల్లు మాత్రం తాగుతడు సిస్టర్." ఆ ఒక్క మాట చేరిన రోజే చెబితే ముందే మందు మొదలుపెట్టేవాళ్ళం. మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా అది తెలియాలి. చర్చి ఆసుపత్రి కదా, ఏమనుకుంటారో అని సిగ్గుపడవద్దు. మేము తీర్పు తీర్చడానికి అడగము, ప్రాణం కాపాడటానికి అడుగుతాము. మీరు చెప్పినది కేసుషీటులో ఉంటుంది గాని సంఘంలో చాటింపు వేయము.

అలాగే రోగి బాధ చూడలేక మంచినీళ్ళ సీసాలో కల్లు దాచి వార్డుకు తెచ్చే బంధువులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మేమిచ్చే మందు, ఆ సీసాలోని మందు కలిస్తే శ్వాస ఆగిపోవచ్చు.

ఎవరు అసలు ముట్టకూడదు?

షుగరు బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారు కల్లు తాగి అన్నం తినకుండా పడుకుంటే రాత్రి చక్కెర బాగా పడిపోయి స్పృహ తప్పుతుంది. చుట్టూ ఉన్నవారు "తాగి పడుకున్నడు" అనుకొని వదిలేస్తారు, అదే ప్రమాదం. టి.బి. మందులు వాడేవారికి కాలేయం దెబ్బతింటుంది. ఫిట్స్ మందులు, నిద్ర మాత్రలు వాడేవారికి మత్తు రెట్టింపవుతుంది.

పసిరికలకు కల్లు మందు అనే నమ్మకం మన పల్లెలలో ఉంది. పసిరికలు అంటే కాలేయం ఇప్పటికే దెబ్బతిన్నదని అర్థం, దానిమీద ఆల్కహాలు పోయడం పుండుమీద కారం చల్లడమే. కిడ్నీలో రాళ్ళకు తాగుతామనేవారికి కావలసినది నీళ్ళు, అవి కుళాయి దగ్గరే ఉన్నాయి. బాలింతకు పాలు పడతాయని అత్తగార్లు తాగించే కల్లు ఆ పాల ద్వారా పసికందుకు చేరుతుంది. గర్భిణి తాగితే బిడ్డ మెదడు ఎదుగుదలకు దెబ్బ. చలువ చేస్తుందని, ఏడుపు ఆపుతుందని పిల్లలకు ఒక గుటక పట్టించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోను వద్దు. పెద్దవారికి మత్తునిచ్చే మోతాదు పిల్లవాడి ఊపిరి ఆపగలదు.

చెట్టు రసం మీద ఇష్టం ఉన్నవారికి నీరా ఉంది. లొట్టి లోపల సున్నం పూసిగాని, రసాన్ని చల్లగా ఉంచిగాని పులియకుండా ఆపినదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో ప్రభుత్వం నీరా కేఫ్ కూడా ప్రారంభించింది. అయితే ఒక గ్లాసు నీరాలో నాలుగైదు చెంచాల చక్కెర ఉంటుంది కాబట్టి షుగరు ఉన్నవారికి అది కూడా పనికిరాదు. ఎండలో ఉంచితే కొన్ని గంటలలోనే పులిసి కల్లు అవుతుంది.

ప్రమాదం వస్తే ఏమి చేయాలి?

1. మనిషి లేపినా లేవకపోతే, శ్వాస నెమ్మదిస్తే, చూపు మసకబారిందని అంటే, మూత్రం రావడం ఆగితే వెంటనే 108కి ఫోను చేయండి.
2. స్పృహ లేనివారిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి ఊపిరితిత్తులలోకి పోకుండా ఉంటుంది.
3. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్ళు నోట్లో పోయవద్దు. వేలు పెట్టి వాంతి చేయించవద్దు.
4. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, పళ్ళ మధ్య చెంచా దూర్చవద్దు. తల కింద మెత్తని బట్ట పెట్టి, పక్కకు తిప్పండి.
5. తాగగా మిగిలిన సీసాను పారేయకుండా తీసుకురండి. అందులో ఏముందో పరీక్షతోనే తెలుస్తుంది.
6. అదే చోట తాగిన మిగతావారికి కూడా కబురు చేయండి. వారికి ఇంకా లక్షణాలు మొదలుకాకపోయినా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

మానాలనుకునేవారు, మాన్పించాలనుకునే ఇంటివారు 14446 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఇది మత్తు అలవాట్ల నుంచి విడుదలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం. మన ఓ.పి.లో నర్సును పక్కకు పిలిచి చెప్పినా చాలు, డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు.

గుర్తుంచుకోండి

• మడ్డి అంటే ఈస్టు. అది విషం కాదు, బలం మందు కూడా కాదు.
• తేటగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. మసకగా ఉన్నంత మాత్రాన చెడ్డది కాదు.
• బూజు పట్టినది వడపోసి తాగకూడదు, పారబోయాలి.
• ఒక సీసా కల్లు రెండున్నర పెగ్గులతో సమానం.
• మత్తుమందును, మిథనాల్‌ను చూపు, వాసన, రుచి ఏవీ పట్టలేవు.
• రోజూ తాగేవారు ఒక్కసారిగా ఇంట్లో మానవద్దు, ఆసుపత్రి సాయంతో మానండి.
• ఆసుపత్రిలో చేరేటప్పుడు కల్లు సంగతి తప్పక చెప్పండి.

సామెతలు 23వ అధ్యాయంలో జ్ఞాని ద్రాక్షారసపు ఎరుపును, గిన్నెలో దాని మెరుపును చూసి మోసపోవద్దని, దాని చివరి ఫలితాన్ని చూడమని హెచ్చరిస్తాడు. వార్డులో మేము చూసేది ఆ చివరి ఫలితాన్నే. కాబట్టి గ్లాసును వెలుతురుకు ఎత్తి తేటదా మసకదా అని చూసే బదులు, తాగే ఆ మనిషిని చూడండి. కళ్ళు పచ్చబడ్డాయా, చేతులు వణుకుతున్నాయా, పొద్దుటి పూట తాగనిదే పని మొదలుపెట్టలేకపోతున్నాడా? వీటిలో ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా తీసుకురండి.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను మంచి ఆరోగ్యంతో కాపాడునుగాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్